నాది – మాది – మనది

వ్యాకరణమన్నంతనే మనలో పలువురు పుస్తకమును మూసి వంటయింటి వైపు చూతురు. అది పండితుల పని యనియు, బడిపంతుళ్ల పని యనియు మనకొక తలంపు కలదు. నేనొక ఉపాధ్యాయుని భార్యనే యైనను ఈ తలంపును అంగీకరింపజాలను. ‘ఇది నాది’, ‘అది నీది’ యని పిల్లలు దినమునకు పదిమారులు తగవులాడని ఇల్లు ఎక్కడ నున్నది? ఆ తగవు తీర్చు తల్లి తెలిసియో తెలియకయో సర్వనామములను గూర్చియే తీర్పు చెప్పుచున్నది. ఈ నెల నేను ముచ్చటింపబూనినది ఆ చిన్న మాటలను గూర్చియే. ఆంగ్లభాషలో ‘ఎవరిది’ అను ప్రశ్నకు సమాధానమిచ్చు మాటలెట్టివి, అవి మన తెలుగు మాటలతో ఎక్కడ కలియును, ఎక్కడ విడిపోవును అనునది నా విషయము.

ఇది గృహిణులకేల యని అడుగుదురేమో. మా మల్యాల జగిత్యాల జిల్లాలోని మండల కేంద్రము. కొండగట్టు అంజన్న దర్శనమునకు వచ్చువారికి ఈ పేరు తెలిసియే యుండును. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము వచ్చినది. పాఠ్యపుస్తకములు ఒక పుట తెలుగునను, ఎదుటి పుట ఆంగ్లమునను అచ్చువేయబడినవి. అప్పటినుండి మా వీధి తల్లులకు సాయంకాలము ఒక క్రొత్త పని యేర్పడినది. ఒడిలో చాట పెట్టుకొని తునికాకు చుట్టుచునే, ప్రక్కన కూర్చున్న బిడ్డ చదువును చెవియొగ్గి వినుచున్నారు. బిడ్డ తప్పు చదివినను ఒప్పు చదివినను తెలియక ‘చదువు బిడ్డా, చదువు’ అనుచున్నారు. ఆ తల్లులలో కొందరు నన్నడిగిన ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము.

నా చదువు ఇంటి చదువు. మా తండ్రిగారు నాకు శబ్దమంజరి వల్లె వేయించిరి, అమరము చెప్పించిరి, పిదప కవిత్రయ భారతమును చదివించిరి. ఆంగ్లము మాత్రము వివాహమైన పిమ్మట, మా వారు బడినుండి తెచ్చు పుస్తకములవలననే నాకు పరిచయమైనది. కాబట్టి నేను ఆంగ్లమును చూచునది శబ్దమంజరి కిటికీలోనుండియే. ఆ కిటికీ మీకును ఉపకరింపవచ్చును.

పేరునకు బదులుగా నిలుచు మాట సర్వనామము. పాణిని ‘సర్వ’ శబ్దము మొదలుగాగల ఒక గుంపునకు ఈ పేరు పెట్టెను. శబ్దమంజరిలో అస్మచ్ఛబ్దమును చదివినవారికి అహమ్, మామ్, మమ అను రూపములు జ్ఞప్తికి వచ్చును. ఆంగ్లమున వానికి సరియైనవి ‘ఐ’, ‘మి’, ‘మై’. నేను, నన్ను, నా. ఈ పోలిక వట్టి యాదృచ్ఛికము కాదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలకు ఒక మూలముండవలెనని చెప్పెను. ఆంగ్లమును ఆ కుటుంబములోనిదే. సంస్కృతపు ‘వయమ్’ ఆంగ్లపు ‘వుయ్’కిని, ‘యూయమ్’ ‘యూ’కిని దాయాదులు. మన తెలుగు మాత్రము వేరొక కుటుంబమునకు, ద్రావిడమునకు చెందినది. అందుచేతనే కొన్నియెడల సంస్కృతము చదివిన చెవికి ఆంగ్లము సులభమగును, తెలుగు చెవికి కష్టమగును.

ఇక స్వామ్యమును తెలుపు మాటలకు వత్తము. ఆంగ్లమున ఇవి రెండు వరుసలు. వస్తువు పేరునకు ముందు నిలుచునవి ఒక వరుస: మై, యువర్, హిజ్, హర్, ఇట్స్, అవర్, దెయిర్. వస్తువు పేరు చెప్పకయే తమంతట తాము నిలుచునవి రెండవ వరుస: మైన్, యువర్స్, హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్. పిల్లలకు ఈ రెండు వరుసల భేదము తెలియక ‘దిస్ ఈజ్ మై’ అనియు, ‘మైన్ బుక్’ అనియు వ్రాయుదురు. ఇక్కడ మన తెలుగే గురువు. ‘నా పుస్తకము’ అందుము; ‘ఈ పుస్తకము నాది’ అందుము. ‘ఈ పుస్తకము నా’ అని ఎవ్వరును అనరు గదా! తెలుగున ‘నా’ వచ్చుచోట మై, ‘నాది’ వచ్చుచోట మైన్. ‘మీ ఇల్లు’ యువర్, ‘మీది’ యువర్స్. ఈ ఒక్క కొలతతో బిడ్డ నూటికి తొంబది తప్పులను దిద్దుకొనగలదు. భేదమొక్కటే: మనము ఒకటియైన ‘నాది’ యనియు, పెక్కులైన ‘నావి’ యనియు అందుము, ఆంగ్లమున ఒక గాజైనను పండ్రెండు గాజులైనను మైన్ మైనే. హిజ్ అను మాట రెండు వరుసలలోను మారక నిలుచును. ఇట్స్ అనునది రెండవ వరుసలో సాధారణముగా కానరాదు.

ఈ ఇట్స్ అను మాటకొక చిన్న చరిత్ర కలదు. పూర్వము ఆంగ్లమున జడవస్తువులకును హిజ్ అనియే వాడుచుండిరి. 1611లో వెలువడిన బైబిలు ఆంగ్లానువాదమున చెట్టునకును దాని ఫలమునకును హిజ్ అనియే కానవచ్చును. ఇట్స్ తరువాత వ్యాపించిన పిన్నది. ఇది ‘దాని’ అను అర్థమున వచ్చునప్పుడు అక్షరముల నడుమ పైన కొక్కెము వంటి గుర్తు, అనగా అపాస్ట్రఫీ, ఉండరాదు. ఆ గుర్తున్నచో అది ‘ఇట్ ఈజ్’ అను రెండు మాటల ముడి. మైన్ వరుసలోని యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్ అను వానికిని ఆ గుర్తు పనికిరాదు. బడి చదువు చదివిన పెద్దవారును ఇచట తొట్రుపడుట కద్దు.

తరువాతి చిక్కు లింగమునకు సంబంధించినది. ఒక బాలిక ‘సీతయు ఆమె అన్నయు వచ్చిరి’ అను వాక్యమును ఆంగ్లమున వ్రాయుచు ‘హిజ్ బ్రదర్’ అని వ్రాసినది. ఏమమ్మా యిట్లు వ్రాసితివన్న ‘అన్న మగవాడు గదా’ యని బదులు చెప్పినది. ఆ బిడ్డ తెలివితక్కువది కాదు. ఆరవ తరగతినుండి హిందీ చదువుచున్నది. హిందీలో ‘మేరా భాయీ’, ‘మేరీ బహన్’ అని స్వామ్యపు మాట కలిగియున్న వస్తువును బట్టి మారును. ఆంగ్లమున స్వామిని బట్టి మారును. అన్న ఎవరికి అన్న? సీతకు. సీత స్త్రీ. కాబట్టి హర్. సంస్కృతమున ‘తస్య పుస్తకమ్’ అన్న అతని పుస్తకము, ‘తస్యాః పుస్తకమ్’ అన్న ఆమె పుస్తకము. పుస్తక శబ్దము నపుంసకమైనను దానితో పని లేదు. ఆంగ్లము ఇచట సంస్కృతము త్రోవనే నడచుచున్నది. మూడు భాషల నడుమ నలుగు బిడ్డకు ఒక్క మాట చెప్పుడు: ‘వస్తువును చూడకు, వస్తువు గలవారిని చూడుము.’

మరియొకటి. తెలుగున ‘ఆమె వచ్చెను’ అన్నను ‘ఆమె చీర’ అన్నను ఆమె యన్న మాట మారదు. ఆంగ్లమున కర్తయైన షి, స్వామినియైన హర్. అందుచేత పిల్లలు ‘షి సారీ’ యని వ్రాయుదురు. ‘ఆమె యొక్క’ అని మనసులో చెప్పుకొని చూడుమనుడు. ‘యొక్క’ ఇముడుచోట హర్ అనవలయును.

ఇంతవరకు చెప్పినది పిల్లల చదువు. ఇక పెద్దల బ్రదుకు సంగతి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన మగవారు లేని వీధి అరుదు. మా వీధిలో ఒక చెల్లెలి పెనిమిటియు, అతని తమ్ముడును ఒక్కచోటనే పనిచేయుచుండిరి. పెనిమిటి ఫోను చెడిపోయిన సమయమున, వారితో కూడ పనిచేయు ఒక మలయాళ సోదరుడు దయతలచి ఆంగ్లమున నాలుగు పంక్తులు ఆమె ఫోనునకు పంపెను. అందులో ‘అన్న తమ్మునితో హిజ్ సెలవు మంజూరైనదని చెప్పెను’ అను భావముగల వాక్య మున్నది. ఆ మాసముననే ఆమె కూతురి నిశ్చయము. తండ్రి వచ్చుచున్నాడని తలచి ఆమె సంతోషముతో నాయొద్దకు వచ్చినది. నేను ఆ వాక్యమును రెండుమారులు చదివితిని. హిజ్ అన్నది అన్నదియు కావచ్చును, తమ్మునిదియు కావచ్చును. ఆంగ్లవ్యాకరణము రెంటికిని చోటిచ్చుచున్నది. ‘చెల్లీ, ఇందులో ఎవరి సెలవో తేలలేదు, తనదా, తమ్మునిదా యని యడిగించుము’ అని చెప్పితిని. మరునాడు తెలిసినది, సెలవు తమ్మునిదని. ఆమె కంట తడిపెట్టినను, లగ్నము రెండు మాసములు వెనుకకు జరుపుకొనుటకు వియ్యంకులతో సకాలమున మాటలాడగలిగినది.

ఆ మాటనే తెలుగున వ్రాసియుండినచో సందేహమే కలిగియుండదు. ‘అన్న తమ్మునితో తన సెలవు మంజూరైనదని చెప్పెను’ అన్న అన్న సెలవు. ‘వాని సెలవు’ అన్న తమ్ముని సెలవు. తాను, తన, తమ అను మాటలు వాక్యములోని కర్తను పట్టుకొని యుండును. సంస్కృతమున ‘స్వ’ శబ్దము ఈ పని చేయును, హిందీలో ‘అప్నా’ చేయును. ఆంగ్లమున దానికి తగిన చిన్నమాట లేదు. ‘ఓన్’ అను మాటను చేర్చి ‘హిజ్ ఓన్’ అందురు గాని అది ఎల్లవేళల వాడునది కాదు. కాబట్టి ఆంగ్లపత్రమున హిజ్ గాని హర్ గాని దెయిర్ గాని కనబడినప్పుడెల్ల ‘ఎవరిది?’ అని ఆగి అడుగుడు. అడుగుట అజ్ఞానము కాదు, అదియే వ్యాకరణము.

తెలుగునకు మరియొక సిరి కలదు. మేము, మనము, మా, మన. ఎదుటివారిని విడిచి చెప్పిన ‘మా’, కలుపుకొని చెప్పిన ‘మన’. తమిళమునను ఈ భేదమున్నది. మరాఠీ, గుజరాతీ భాషలలోను కలదు. హిందీలోను ఉర్దూలోను ‘హమారా’ ఒక్కటే. ఆంగ్లమున ‘అవర్’ ఒక్కటే. తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణములు వ్రాసిన దొరలు, 1816లో క్యాంబెలును 1840లో బ్రౌనును, ఈ రెంటి భేదమును తమవారికి బోధింపవలసి వచ్చినది. 1856లో కాల్డ్వెలు ద్రావిడభాషల నన్నిటిని పోల్చి వ్రాసిన గ్రంథమునను ఈ జంటమాటల చర్చ కలదు. మా తాతగారు నిజాము కాలమున ఉర్దూ బడిలో చదివినవారు. ‘హమారా యన్న మాటలో మీరున్నారో లేదో పలికినవాని ముఖము చూచి తెలిసికొనవలయును’ అని ఆయన నవ్వుచు చెప్పుచుండెడివారు.

ఈ ‘మా’, ‘మన’ల భేదము ఆడుదానికి తెలిసినట్లు పండితునకు తెలియదని నా యభిప్రాయము. క్రొత్తకోడలు అత్తవారింట ‘మా ఇంట్లో ఇట్లు వండుదురు’ అన్నప్పుడు ఆ ‘మా’ తల్లిగారిల్లు. అత్తగారు ‘మా ఇంట్లో ఇట్లు కాదు’ అన్నప్పుడు ఆ ‘మా’ వేరొక గోడ. ఎన్ని యేండ్లకో, ఏ బిడ్డ పుట్టిన పిమ్మటనో, ఏ జబ్బున ఒకరికొకరు సేవచేసిన పిమ్మటనో, అత్త నోటినుండి ‘మన ఇల్లు’ అను మాట వచ్చును. ఆ దినమున కోడలు నిజముగా గృహప్రవేశము చేసినట్లు. ఆంగ్లమున అత్తయు కోడలును మొదటి దినముననే ‘అవర్ హౌస్’ అనవచ్చును. కాని అందులో ఎవరున్నారో ఎవరు లేరో ఆ మాట చెప్పదు. 2022లో మన రాష్ట్రమున బడులను బాగుచేయు కార్యక్రమమునకు ‘మన ఊరు – మన బడి’ అని పేరు పెట్టిరి. ‘మా బడి’ యన్న పంతుళ్లది. ‘మన బడి’ యన్న తల్లులదియు. 2024లో బడిపనులు చూచుటకు స్వయంసహాయక సంఘముల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. ఆ ‘మన’లో మనము నిజముగా చేరవలెనన్న బిడ్డ పుస్తకములోని ‘అవర్’ను కొంతయైనను ఎరిగియుండుట మంచిది.

అనువాదమున ఒక హెచ్చరిక. మనము ఏకైక సంతానమైనను ‘మా అమ్మ’ అందుము; పెనిమిటిని ‘మా వారు’ అందుము. పిల్లలు దానిని మాటకు మాటగా మార్చి ‘అవర్ మదర్’ అని వ్రాయుదురు. ఒక్క బిడ్డ తన తల్లిని గూర్చి చెప్పునప్పుడు ‘మై మదర్’ అనవలయును. మన ‘మా’లో నున్న కుటుంబభావము ఆంగ్లపు మైలో రాదు. అది ప్రేమ లేమి కాదు, భాష తీరు.

గౌరవమును గూర్చియు చెప్పవలసియున్నది. తాతను గూర్చి ‘హి’ యనియు, తమ్మునిగూర్చి ‘హి’ యనియు చదువు బిడ్డను చూచి మా వీధి పెద్దమ్మ యొకరు ‘ఇదేమి చదువు, తాతను వాడంటున్నది’ యని నొచ్చుకొనిరి. ఆంగ్లమునను పూర్వము నీవు, మీరు అను భేదమువంటిది ఉండెను. ‘దౌ’ అన్న నీవు, ‘యూ’ అన్న మీరు. రానురాను దౌ మాసిపోయి అందరికిని యూ మిగిలినది. అనగా వారు అందరిని మీరు అనుటకు అలవాటుపడిరే గాని అందరిని నీవు అనుటకు కాదు. ఈ మాట చెప్పగా పెద్దమ్మ శాంతించిరి.

మన భాషలోని లోటును కూడ దాచరాదు. 1858లో చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణమును చదివినవారికి తెలియును: తెలుగున పురుషుడు ‘వచ్చినాడు’, స్త్రీ ‘వచ్చినది’, ఆవును ‘వచ్చినది’. ఏకవచనమున స్త్రీకి క్రియారూపము పశువులతోడను జడములతోడను కలియును. బహువచనమున మాత్రము స్త్రీలును పురుషులును సమముగా ‘వచ్చినారు’. ఆంగ్లమున షి యనునది ఇట్ తో ఎన్నడును కలియదు. ఒంటరిగా నున్న స్త్రీకి ఆంగ్లము ప్రత్యేకమైన మాట నిచ్చినది. పదిమందితో కలిసిన స్త్రీని తెలుగు మనుష్యులలో లెక్కించినది. రెండు భాషలు చదివినవారికే ఈ రెండు సంగతులును తోచును.

తుదకు ‘నాది’ యను మాటను గూర్చి. హోమమున ఆహుతి వేయుచు యజమాని ‘ఇది నాది కాదు’ అని పలుకును. నాది కాదనుటకు ముందు అది అతనిదై యుండవలయును గదా! మనము చిన్ననాటినుండి నాది కాదనుట మాత్రమే నేర్చితిమి. నాది యనుట నేర్వలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, స్త్రీ చేతనున్న ఆస్తికి ఆమెయే సంపూర్ణ స్వామిని యని చెప్పినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1986 సవరణచేతను, దేశమంతట 2005 సవరణచేతను కూతురికి కొడుకుతో సమానమైన హక్కు వచ్చినది. చట్టము ‘హర్స్’ అని చెప్పిన చోట మనము ‘దెయిర్స్’ అని చదువుకొని ఊరకుండుట తగునా? బ్యాంకు పత్రములలోను బీమా పత్రములలోను హిజ్, హర్ అను రెండు మాటలను నడుమ గీతతో కలిపి ముద్రించుట కలదు. అక్కరలేనిదానిని కొట్టివేయుమని వారి సూచన. వ్రేలిముద్ర వేయుటకైనను సంతకము చేయుటకైనను ముందు, కొట్టివేయబడినది ఏ మాటయో చూచుకొనుడు.

సోదరీమణులారా! ఆంగ్లమంతయు నేర్వుడని నేను చెప్పను. ఈ పదమూడు మాటలను గోడమీద సుద్దతో వ్రాసికొనుడు. తునికాకు చుట్టుచునో, బియ్యమేరుచునో బిడ్డచేత చదివింపుడు. చదివినప్పుడెల్ల ‘ఎవరిది బిడ్డా?’ అని యడుగుడు. మీకు సమాధానము తెలియకపోయినను ప్రశ్న తెలిసిన చాలును. బిడ్డ తానే పుస్తకములో వెదకి చెప్పును. అట్లు చెప్పిన నాడు ఆ చదువు బిడ్డది మాత్రమే కాదు, మీదియు నగును. అప్పుడు దానిని ‘మనది’ యనుటకు సంకోచింపనక్కరలేదు.